కాలరు తిప్పించుకున్న రాజు

మార్చి 3

మహారాజశ్రీ బావమరిదిగారి సముఖానికి,

ఓడినవాడు తర్వాతి ఉత్తరంలో గెలిచినవాడిని మహారాజశ్రీ అని పిలవాలన్న నియమం ముప్పై ఏళ్ళ కిందట పెట్టింది నేనే కాబట్టి, పళ్ళు నూరుకుంటూ పిలిచాను. పిలవడం అయిపోయింది. ఇక్కడి నుంచి నువ్వు మామూలు బావమరిదివే.

సరస్సుల దేశంలో నా గొడుగు పార్టీ ఓడింది, నీ దీపం పార్టీ గెలిచింది. ఫలితం ఒప్పుకుంటాను గాని, నా పద్ధతి తప్పని ఒప్పుకోను. ఆ దేశం మ్యాపులో ఏ మూలనుందో ఇప్పటికీ నాకు తెలియదు. గొడుగు పార్టీ ఆయన కోటు మాత్రం తెలుసు. చెయ్యి పైకెత్తి ఉపన్యాసం ఇస్తున్నా కాలరు మెడని వదల్లేదు. అంటే కొలతలిచ్చేటప్పుడు కదలకుండా నిలబడ్డాడు, దర్జీ చెప్పిన మాట విన్నాడు. దర్జీ మాట వినేవాడు జనం మాట వింటాడని నా నమ్మకం. మీ దీపం ఆయనకి రెండో గుండీ దగ్గర కోటు లాగేస్తోంది. మూడు నెలల ప్రచారంలో విందులు తిని లావయ్యాడు. నువ్వేమో వాళ్ళ మేనిఫెస్టోలో ఒక్క అచ్చుతప్పు కూడా లేదని మురిసిపోయావు. ఆరు నెలలాగు, ఆ గుండీ ఊడుతుంది.

ఇక కొత్త కేసు. కొండల దేశం రాజుని దించేశారు. ఒకే పదవికి ఒకే రోజు ఇద్దర్ని వేస్తూ రెండు కాగితాల మీద సంతకం పెట్టాడట. ఆయన పెట్టించిన బడుల్లో చదువుకున్నవాళ్ళే సభలో లేచి, ఇక చాలన్నారు. రక్తపాతం లేదు, గోల లేదు, ఒక చిన్న పెట్టెతో విమానం ఎక్కించారు. మీ పేపర్లో వచ్చిన ఫోటో కత్తిరించి దీంతో పంపుతున్నాను. భూతద్దం పెట్టి కాలరు చూడు. మడత దగ్గర కుట్టు ఉండాల్సిన చోటికి వెంట్రుకవాసి కింద పడింది. అది తిప్పిన కాలరు. మడత అరిగిపోతే కుట్లు విప్పి, లోపలి వైపు పైకి తెచ్చి మళ్ళీ కుడతాం. కొత్త కోటు కుట్టించుకోలేనివాడు చేయించుకునే పని. ఖజానా కూడా దోచుకున్నాడని అంటున్నారు. దోచుకున్న రాజు కాలరు తిప్పించుకుంటాడా? నేను ఆయన తరఫు. నువ్వు ఎదుటి పక్షం. జడ్జి ఎప్పట్లాగే మీ అక్క.

ఇంట్లో అందరం బాగున్నాం. నా మణికట్టు కొంచెం పట్టేసింది. నాలుగు రోజులు కటింగు బల్ల తను చూసుకుంటానంది నీ మేనకోడలు. కత్తెర తన వైపు మేకుకి తగిలించుకుంది. నేను అద్దాల తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చేవాళ్ళకి మంచినీళ్ళు ఇస్తున్నాను. నాలుగు రోజులే కదా.

ఓడినా తగ్గని
మీ బావ


మార్చి 11

బావగారికి నమస్కారాలు,

గెలిచినవాడిని కాబట్టి బిరుదులు కలపనక్కర్లేదు. అయినా మీ మహారాజశ్రీ చూసి మూడు రోజులు నేల మీద నడవలేదు. మా ఆఫీసు ప్యూనుకి కూడా చూపించాను. చేతిరాతలో కోపం కనిపిస్తోందన్నాడు.

కేసులోకి వస్తాను. మీరు పేపర్లో చదివిందే మీకు తెలుసు. నాకు అచ్చులో రానివి కూడా తెలుసు, ఎందుకంటే ప్రపంచంలో ఎక్కడ ఏ సింహాసనం కదిలినా ఆ కాగితం ముందు నా టేబుల్ మీదికే వస్తుంది. మీ రాజు ఆ రెండు సంతకాలు ఊరికే పెట్టలేదు బావగారూ. ఆయనకి పెద్దతనం వచ్చేసింది. కన్ను ఆనదు, చెయ్యి ఆగదు, ముందు పెట్టింది ఏమిటో గుర్తుండదు. అలాంటి చేతిలో దేశం పెట్టడం ఎవరికి మంచిది? మర్యాదగా ఇంట్లో కూర్చోమన్నారు. అది శిక్ష కాదు, దయ. నన్నడిగితే రెండేళ్ళు ఆలస్యంగా చేశారు. ఆయన పెట్టిన బడుల్లో చదువుకున్నవాళ్ళే దించారంటున్నారు. బడి బాగా నడిచిందనడానికి అంతకన్నా రుజువేముంది?

ఇక కాలరు. మా అచ్చు యంత్రం సిరా అలికితే అది మీకు కుట్టులా కనబడింది. మీకు ఇది అలవాటే. దీవుల దేశం రాణి చేతి తొడుగుకి అతుకు ఉందని ఆవిడ పొదుపరి అన్నారు. తర్వాత తెలిసింది, ఆవిడకి గుర్రాల కోసం ఒక మేడ ఉందని, అందులో గుర్రాలకి తివాచీలున్నాయని. ఆ కేసులో అక్క మీకు వేసిన శిక్ష గుర్తుందా? వారం రోజులు కాఫీలో చక్కెర లేదు.

మాకు ఇక్కడ ఎండలు ముదిరాయి. మొన్నొకాయన చిలక తప్పిపోయిందని ప్రకటన ఇచ్చాడు. గుర్తుపట్టడం ఎలాగంటే, "నువ్వే కాదు" అని అంటుందట. నువ్వే కాదు అంటే ఏమిటో, ఎవరితో పోట్లాడుతూ ఆ ఇంట్లో వాళ్ళు ఆ మాట దానికి నేర్పారో, రోజంతా అదే ఆలోచన. మణికట్టుకి వేడినీళ్ళ కాపడం పెట్టించుకోండి. కోడల్ని అడిగానని చెప్పండి. ఎండకి కోటు వదిలి బనీనుతో తిరిగే మామయ్యనని గుర్తుచెయ్యండి.

అంతర్జాతీయ పేజీ నుంచి
మీ బావమరిది


మార్చి 19

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

చెయ్యి ఆగదని నీకెవరు చెప్పారు? ఆ మాట పేపర్లో లేదు. నేను అక్షరం వదలకుండా చదివాను. సంతకాల సంగతుంది, విమానం సంగతుంది. చెయ్యి ఊసే లేదు. ఎవరు రాస్తే నీకు తెలిసిందో నేను ఊహించుకోగలను. నా ఇంట్లో నా వెనక ఉత్తరాలు నడుస్తున్నాయన్నమాట. సరే.

కేసు కేసుగానే చెబుతాను. ఒక మనిషి నలభై ఏళ్ళు ఒక పని చేశాడు. ఆ పనిలో పేరు తెచ్చుకున్నాడు. ఒక్క రోజు ఒక పొరపాటు జరిగింది. దిద్దుకోవడానికి వీల్లేని పొరపాటేం కాదు, అడిగితే ఆయనే దిద్దేవాడు. అడగలేదు. నలభై ఏళ్ళుగా చేతిలో ఉన్న కత్తెర (ఈ మాట కొట్టేశాను, చదవకు) రాజదండం తీసి పక్కన పెట్టి, మీరు విశ్రాంతి తీసుకోండి అన్నారు. గట్టిగా అరిచి లాక్కున్నా బాగుండేది, ఎదురు తిరిగేవాడు. మెత్తగా అడిగేసరికి ఇచ్చేశాడు. ఇప్పుడు ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టారంటే, అందరికీ కనిపించే చోట. నవ్వుతూ ఉండాలి, వచ్చినవాళ్ళని పలకరించాలి. నిన్న మన బ్యాండు మాస్టారు తన కోటు తీసుకెళ్ళడానికి వచ్చాడు. నీ మేనకోడలికి రెండుసార్లు థాంక్స్ చెప్పాడు. నాకు నమస్కారం పెట్టాడు. నమస్కారం వేరు, థాంక్స్ వేరు. ఆ తేడా తెలియాలంటే ఆ కుర్చీలో కూర్చోవాలి.

దీవుల దేశంలో వచ్చే నెల ఎన్నికలు. ఈసారి నేనెవరికీ మద్దతివ్వను. షాపులో ఆ మాటే అంటే నీ మేనకోడలు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూ, తల ఎత్తకుండా, "ఓడిపోయాక తన పోస్టర్లు తనే పీక్కుని గోడలు కడిగిపోయే పార్టీ ఏదో చెప్పు నాన్నా, నేను దానికి మద్దతిస్తా" అంది. దానికి రాజకీయాలు తెలుసని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నన్నే అందో ఏమో కూడా తెలియదు.

నాలుగు రోజులన్నది మూడో వారంలో పడింది.

మీ బావ


మార్చి 27

బావగారికి నమస్కారాలు,

అబ్బ, ఏం వాదించారండీ. రాజుగారు చదివితే మిమ్మల్ని ఆస్థాన దర్జీగా వేసుకునేవాడు, పాపం ఆస్థానమే లేదు. మధ్యలో మీ షాపుని తెచ్చి రాజుగారి బాధకి కుట్టేశారు గాని, అతుకు కనిపిస్తూనే ఉంది.

ముందుగా ఒక ఫిర్యాదు. చదవకు అని రాస్తే చదవకుండా ఉంటానా? ప్రూఫులు దిద్దేవాడిని, కొట్టేసిన మాటలే ముందు చదువుతాను. రాజదండం అనబోయి కత్తెర అన్నారు. దర్జీ కంటికి లోకంలో ఏ వస్తువైనా కత్తెరలాగే కనిపిస్తుందని అక్కతో చెప్పి నవ్వుకోండి.

నాకెవరు చెప్పారని అడిగారు. ఎవరు చెప్పాలి? చెప్పాను కదా, ఇలాంటివి నాకు అందరికన్నా ముందే తెలిసిపోతాయి. నేను రాసిన ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. చెయ్యి ఆగనివాడు పక్కకి తప్పుకోవాలి. తప్పుకోకపోతే తప్పించాలి. నవ్వుతూ పలకరించే పని ఇచ్చారంటే ఎంత మర్యాద చేశారో చూడండి. నేనైతే ఆ పని కూడా ఇచ్చేవాడిని కాదు, మూతి ముడుచుకుని కూర్చున్నవాడు వాకిట్లో ఉంటే వచ్చేవాళ్ళు కూడా వెనక్కి పోతారు.

తాజా వార్త చెబుతాను. మీ రాజుని మూడు దేశాలు రావద్దన్నాయి. కాబట్టి నేను ముందుకొచ్చి ఆశ్రయం ఇస్తున్నాను. మా మేడ మీద గది ఖాళీగానే ఉంది. ఒక మంచం, ఒక కిటికీ, గోడకి అవతల పక్కింటివాళ్ళ రేడియో. షరతులు: కిరీటం మెట్ల కింద చెప్పుల పక్కన విడవాలి. స్నానాలగది దగ్గర వరసలో నిలబడాలి, ముందుకి దూరకూడదు. ఆదివారం బట్టలు ఆరేసుకోవడం ఎవరివి వారే. రోజుకి ఒక గంట పాత వైభవం చెప్పుకోవచ్చు, వినడానికి నేనున్నాను. పెట్టె సర్దుకుని వచ్చెయ్యమని చెప్పండి.

దీవుల దేశంలో మద్దతు ఎవరికీ ఇవ్వనంటే కుదరదు. ఆటలోంచి లేచిపోతే ఓడినట్టే లెక్క. కోడలి మాట బాగుంది, కానీ గోడలు కడిగే పార్టీ ఏ దేశంలోనూ ఉండదని చెప్పండి.

మీ రాజుకి ఆతిథ్యం ఇవ్వబోయే
మీ బావమరిది


ఏప్రిల్ 4

బావమరిదికి,

రాజు సంగతి వదిలెయ్. ఆ గది నాకిస్తావా?

షరతులన్నీ ఒప్పుకుంటాను. వరసలో నిలబడతాను, బట్టలు ఆరేసుకుంటాను. పాత వైభవం చెప్పి నిన్ను విసిగించను. పదిహేనో తారీకు ఉదయం బండికి వద్దామనుకుంటున్నాను. పెట్టె సర్దాను. పెద్ద బరువేమీ లేదు, నాలుగు చొక్కాలు, టేపు, రెండు వేలి తొడుగులు. టేపు ఎందుకు పెట్టానో తెలియదు. చెయ్యి దానంతట అదే పెట్టింది.

నీకు కోపం రాకూడదు. నువ్వు రాసింది తప్పని నేననడం లేదు. చెయ్యి ఆగనివాడు తప్పుకోవాలి, నిజమే. మూతి ముడుచుకున్నవాడు వాకిట్లో ఉండకూడదు, అదీ నిజమే. ఆ మాట నీ నోటి నుంచి వచ్చిందనే బాధపడ్డాను. ముప్పై ఏళ్ళలో నువ్వు నన్ను ఎన్నిసార్లు ఓడించినా బాధపడలేదు. సోమవారం నుంచి షాపుకి వెళ్ళడం మానేశాను.

మీ బావ

తమ్ముడూ, ఈ కాగితం కింద కొంచెం చోటుంది కాబట్టి నేను రాస్తున్నాను. నువ్వేం ఉత్తరాలు రాస్తున్నావో నాకు తెలియదు, మీ కేసు నా దాకా తీర్పుకి ఇంకా రాలేదు. ఈయన నిజంగానే పెట్టె సర్దుకుని మంచం కింద పెట్టుకున్నారు. అసలు జరిగింది నీకు చెప్పలేదని నాకు నిన్ననే తెలిసింది. సరస్సుల దేశం ఓట్లు లెక్కపెట్టే రోజు షాపులో రేడియో పెట్టుకుని, గొడుగో దీపమో అన్న ధ్యాసలో, బ్యాండు మాస్టారి కోటు కోశారు. గుడ్డ మడత వెయ్యకుండా చేతులు రెండూ విడివిడిగా కోసి, రెండోదానికి కాగితం నమూనా తిప్పడం మర్చిపోయారు. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. మాస్టారు తెచ్చుకున్న గుడ్డ అది, మళ్ళీ దొరకదు. అమ్మాయి రెండు రోజులు కూర్చుని మిగిలిన ముక్కలతో చంక కింద అతుకేసి కుడి చెయ్యి తయారుచేసింది. తర్వాత, చెయ్యి కూడా ఈ మధ్య కొంచెం వణుకుతోంది కదా నాన్నా, కత్తెర నాకివ్వు అంది. ఈయన ఇచ్చేశారు. ఆ రోజు నుంచి అమ్మాయి కూడా సరిగ్గా తినడం లేదు. ఇద్దరూ నా ముందు మాత్రం మామూలుగా ఉంటారు. నేను గుడ్డిదాన్ననుకున్నారు. నువ్వు ఏం రాస్తావో ఆలోచించి రాయి.


ఏప్రిల్ 9

మహారాజశ్రీ బావగారి సముఖానికి,

ఓడిపోయాను. అందుకే ఈ సంబోధన. అక్క తీర్పు ఇవ్వనక్కర్లేదు. మీ రాజు నిర్దోషి, కాలరే సాక్ష్యం, నేను వాదన విరమించుకుంటున్నాను.

మీ ఉత్తరాలన్నీ తీసి ముందు నుంచి ప్రూఫు చదివినట్టు చదివాను. మణికట్టు, మేకు, కుర్చీ, కొట్టేసిన కత్తెర, నాలుగు రోజులు మూడు వారాలవడం. ఒక్కొక్కటీ కళ్ళముందే ఉంది. ఒక్కటీ పట్టుకోలేదు. నాకెవరూ ఏమీ రాయలేదు బావగారూ. అక్క గాని, కోడలు గాని ఒక్క ముక్క రాయలేదు. నేనన్నదంతా కొండల దేశం రాజునే. మీ చెయ్యి సంగతి తెలిసి ఆ మాట రాసుంటే, రాసిన చెయ్యి నాకు ఉండకూడదు. క్షమించండి.

ఇంకొకటి చెప్పాలి. ఇది అక్కకి కూడా తెలియదు.

నేను అంతర్జాతీయ పేజీలో లేను. ఏడాదైంది. ఒక దేశం ఎన్నికల పట్టికలో గెలిచిన పార్టీ చోట ఓడిన పార్టీ, ఓడిన పార్టీ చోట గెలిచిన పార్టీ పడ్డాయి. అక్కడ ఇంట్లో కూర్చుని ఏడుస్తున్న ఆయన మా పేపర్లో దండలు వేయించుకున్నాడు. ఆ ప్రూఫు మీద నా సంతకం ఉంది. మా ఎడిటరు తిట్టలేదు. విశ్రాంతిగా ఉంటుంది అని చిన్న ప్రకటనల పేజీ ఇచ్చాడు. అద్దె గదులు, పాత కుర్చీలు, తప్పిపోయిన చిలకలు. ప్రపంచం వార్తలు అందరిలాగే నేనూ మర్నాడు పేపర్లో చదువుతున్నాను. నా టేబుల్ మీదికి ముందు వచ్చేదల్లా ఆ చిలకే.

మీకు చెప్పలేకపోయాను. అంతర్జాతీయ పేజీవాడిగా మీతో వాదించడం అలవాటైపోయింది. పైగా ఈ ఏడాదిలో ఏ రాజు పడినా, ఏ పార్టీ ఓడినా అందరికన్నా ముందు నేనే తిట్టాను. తిట్టేవాడు నిలబడి ఉన్నట్టు కనిపిస్తాడు కదా. ఆ కన్ను ఆనదు, చెయ్యి ఆగదు అన్న మాటలు నేను రోజూ నాకు నేను చెప్పుకునేవే. కొండల దేశం రాజు మీద పెట్టి రాశాను. అవి వెళ్ళి మీకు తగిలాయి.

గది మీదే. కానీ ఆశ్రయంగా ఇవ్వను. చుట్టానికిచ్చినట్టు ఇస్తాను. రెండు వైపులా టికెట్టు కొనుక్కుని, అక్కతో, ఎన్నికలు చూసుకుని రండి. పదిహేనో తారీకు బండికి మాత్రం రావద్దు.

నా నీలం కోటు, అదే మీరు పదిహేనేళ్ళ కిందట కుట్టింది, పార్సెల్లో షాపు చిరునామాకి పంపాను. ఇప్పుడది బూడిద రంగులో ఉంది. మడత పూర్తిగా అరిగి దారాలు వేలాడుతున్నాయి. కాలరు తిప్పమని ఇక్కడ మూడు షాపుల్లో అడిగాను. ఒకడు నవ్వాడు, ఒకడు కొత్తది కుట్టించుకోమన్నాడు, మూడోవాడికి అదేమిటో తెలియలేదు.

ఓడిపోయిన
మీ బావమరిది, చిన్న ప్రకటనల పేజీ


ఏప్రిల్ 20

మహారాజశ్రీ చిన్న ప్రకటనల చక్రవర్తిగారి సముఖానికి,

నువ్వు ఇచ్చిన బిరుదు నీకే తిప్పి పంపుతున్నాను. ఎందుకో చివర చెబుతాను.

పదిహేనున బండెక్కలేదు. నీ ఉత్తరం చూసి కాదు, ఆ మాట నీకు నచ్చకపోయినా. నీ పార్సెల్ పన్నెండున షాపుకి వచ్చింది. నీ మేనకోడలు విప్పి చూసి, తనే తిప్పుదామని బ్లేడు పెట్టింది. రెండు కుట్లు విప్పేసరికి కాలరు లోపల బిగువుకి పెట్టే కాన్వాసు గుడ్డ జారిపోయింది. ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడి, "నాన్నా, ఇది నాకు రాదు" అంది. నెలన్నరగా నాతో కళ్ళు కలపని పిల్ల, ఆ కోటు చేత్తో పట్టుకుని నిలబడింది. నేను మంచం కింద నుంచి పెట్టె లాగి, టేపూ వేలి తొడుగులూ తీసుకుని దానితోపాటు షాపుకి వెళ్ళాను. మీ అక్క పెట్టెలో చొక్కాలు తీసి బీరువాలో పెట్టేసింది, అడగను కూడా లేదు.

కాలరు తిప్పడానికి ఐదు రోజులు పట్టింది. ఒకప్పుడైతే ఒక పూట. చెయ్యి వణికింది. వణికినప్పుడు ఆపాను, ఆగాక మళ్ళీ కుట్టాను. కోతలో వణికితే గుడ్డ పోతుంది, చేతి కుట్టులో వణికితే ఆ ఒక్క కుట్టే విప్పుకోవాలి. నీ మేనకోడలు పక్కన స్టూలు వేసుకుని కాన్వాసు ఎలా పరుచుకోవాలో, పాత కుట్టు రంధ్రాల్లోంచే మళ్ళీ సూది ఎలా తియ్యాలో చూసింది. మూడో రోజు బ్యాండు మాస్టారు వచ్చి చూసి, వాళ్ళ బ్యాండు కోట్లు ఆరు తెచ్చాడు. అన్నీ మెడ దగ్గర పోయినవే. ఈసారి నాకు థాంక్స్ చెప్పాడు.

కత్తెర ఆ మేకుకే ఉంది. నేను అడగలేదు. అది ఇస్తానన్నా తీసుకోను. రెండు ఎడమ చేతులు కోసింది నేనే, ఆ పిల్ల చెప్పిన మాట సరైనదే. మెత్తగా చెప్పడం ఎంత కష్టమైందో అప్పుడు నాకు తెలియలేదు. దానికి ఆ మాట చెప్పాను. అది విని, కోటు చేతికి గుండీ కుడుతూ కాసేపు ముక్కు ఎగబీల్చింది.

ఇప్పుడు నీ నేరం. చిన్న ప్రకటనలు నువ్వు దిద్దుతున్నావని తెలిసిన దగ్గర్నుంచి మీ అక్క పేపర్లో ఇంకేమీ చదవడం లేదు. ఉదయం కాఫీ పట్టుకుని ఆ పేజీ ముందు కూర్చుంటుంది. మా తమ్ముడు దిద్దాడు, ఒక్క తప్పు లేదు చూడండి అని నాకు అద్దె గదులు చదివి వినిపిస్తుంది. చిలక దొరికిందా లేదా అని రోజూ వెతుకుతుంది. నెల రోజుల పాత పేపర్లు కూడా అటక మీద నుంచి దించింది. అలా దించిన వాటిలో మార్చి ముప్పైవ తారీకుది ఒకటుంది. పాత కుర్చీల ప్రకటనల పక్కన నాలుగు లైన్ల సవరణ. కొండల దేశం రాజు నిష్క్రమణ అని ప్రచురించిన ఫోటోలో ఉన్నది రాజు కాదు, ఆయన సామాను మోస్తున్న పాత గుమాస్తా, పొరపాటుకి చింతిస్తున్నాం.

అది దిద్దింది నువ్వు. ఏప్రిల్ తొమ్మిదిన "కాలరే సాక్ష్యం" అని నాకు రాసింది కూడా నువ్వే. కేసు నేను ఓడిపోయానని నీకు పది రోజుల ముందే తెలుసు. తెలిసి నన్ను గెలిపించావు. ఒరే, ముప్పై ఏళ్ళలో నువ్వు నాకు ఒక్క ఆట వదల్లేదు. ఈ ఒక్కటి వదిలేశావంటే నేనెంత దిగజారి కనిపించానో అని ముందు కోపం వచ్చింది. తర్వాత మీ అక్క ఆ నాలుగు లైన్లూ మళ్ళీ చదివితే నవ్వొచ్చింది. మీ అక్కా నవ్వింది, అమ్మాయీ నవ్వింది. నెల రోజులు మనిద్దరం ఒక గుమాస్తా కోటు పట్టుకుని రాజ్యాలు ఏలాం.

అసలు రాజు ఫోటో నిన్న వచ్చింది. కొత్త కోటు, భుజాలు వేలాడుతున్నాయి. ఖజానా సంగతి జనం అన్నదే నిజం కావచ్చు. అందుకే నీకు మహారాజశ్రీ.

జడ్జిగారు తీర్పు చెప్పింది. రాజు గురించి తనకి అక్కర్లేదట. ఆ గుమాస్తాకి మళ్ళీ ఎక్కడైనా పని దొరికిందో లేదో నిన్ను కనుక్కోమంది. కనుక్కోలేవని తనకీ తెలుసు. అయినా అడగమంది.

దీవుల దేశంలో గోడలు కడిగే పార్టీ ఉందట, మేనకోడలు ఎక్కడో చదివి పట్టుకుంది. మూడు చోట్ల పోటీ చేస్తోంది, గెలిచేది లేదు. నేను దానికే మద్దతిస్తున్నాను. వాళ్ళ నాయకుడి కోటు ఎలా ఉందో చూడలేదు.

వచ్చే నెల మీ అక్కా నేనూ వస్తున్నాం, రెండు వైపులా టికెట్టుతో. మేడ మీద గది ఊడ్పించు. కోటు ఈ పార్సెల్లో ఉంది. విప్పి చూడు. నేనూ మర్చిపోయాను, కాలరు తిప్పాకే గుర్తొచ్చింది, అది ఎంత ముదురు నీలమో. పదిహేనేళ్ళు లోపలే ఉంది కదా, వెలుతురు తగల్లేదు. బూడిద రంగు కోటు మీద నీలం కాలరు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రేపు అదే వేసుకుని ఆఫీసుకి వెళ్ళు. ఎవరైనా అడిగితే దాచకు, తిప్పించుకున్నానని చెప్పు.

మీ బావ